సవతుల ఆటలో నాలుగో మనిషి

“అక్కా, చెయ్యి ఎలా ఉంది?”

“ఇంకా మానలేదమ్మా.”

రంగూన్ రేవులో మేము మన దేశానికి తిరిగి ఓడ ఎక్కిన రోజున మా అమ్మా, షావుకారు మూడో భార్యా చివరిగా అనుకున్న మాటలివి. అనుకుని ఇద్దరూ పగలబడి నవ్వారు. నిజానికి ఆ చేతికి ఏనాడూ ఏమీ కాలేదు.

నా చిన్నప్పుడు మా అమ్మ రంగూన్‌లో ఒక చైనా షావుకారు ఇంట్లో బట్టలు ఉతికేది. బియ్యం మిల్లులున్న ఆసామి. అప్పటికే ఇద్దరు భార్యలు, ఒకరంటే ఒకరికి ఒళ్ళుమంట. పెద్దావిడ పొద్దున ఆకుపచ్చ పట్టు తొడిగితే, సాయంత్రానికి రెండో ఆవిడ ఒంటి మీద అంతకంటే మెరిసే ఆకుపచ్చ ఉండాల్సిందే. వాళ్ళు ఎదురెదురుగా కూర్చునేది మాజాంగ్ అనే చైనా బిళ్ళలాట దగ్గరే. దానికి నలుగురు కావాలి. వాళ్ళిద్దరూ, షావుకారు ముసలి మేనత్త, నాలుగో మనిషి దొరక్క మా అమ్మ. చూసి చూసి నేర్చుకుంది. రోజు మొత్తంలో ఆమె నడుము ఆనించి కూర్చునేది ఆ కుర్చీలోనే.

అంతలో షావుకారు మూడో ఆవిడను తెచ్చాడు. పద్దెనిమిదేళ్ళ పిల్ల. వాళ్ళ ఆచారం ప్రకారం కొత్త భార్య మోకరిల్లి పెద్ద భార్యకు టీ అందించాలి. ఆవిడ తాగితేనే ఇంటి మనిషి. నెల లోపల తాగకపోతే వెనక్కి పంపేస్తారు. ఈ పిల్ల రోజూ కప్పు పట్టుకుని మోకరిల్లేది. పెద్దావిడ గోళ్ళు చూసుకుంటూ కూర్చునేది. టీ చల్లారిపోయేది.

నెల నిండటానికి రెండు రోజులుందనగా ఆ పిల్ల ఉతుకుడు బండ దగ్గర కూర్చుని ఏడ్చింది. వెళ్ళడానికి పుట్టిల్లు కూడా లేదట. మా అమ్మ ఆలోచించి ఒక్కటే అడిగింది, “బిళ్ళలాట వచ్చా?” వచ్చంది.

మర్నాడు మా అమ్మ చేతికి గుడ్డ చుట్టుకుని, “వేడి గంజి పడిందమ్మగారూ, బిళ్ళ పట్టలేను” అంది. పక్కనే ఉన్న నేను నోరు తెరవబోతే నా కాలు తొక్కింది.

ఆ రోజు ఆట లేదు. రెండో రోజు జోరువాన. ముగ్గురూ ఖాళీ కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నారు.

“మొన్న ఓడిపోయినప్పటి నుంచి అక్కయ్యకు ఆటంటే భయం పట్టుకుంది. లేకపోతే మనిషి దొరకదా?” అంది రెండో ఆవిడ.

పెద్దావిడ మొహం ఎర్రబడింది. మోకాళ్ళ మీదున్న పిల్ల వైపు తిరిగి, “ఏయ్, నీకు ఆడటం వచ్చా?” అంది. తల ఊపగానే కప్పు లాక్కుని, నోరు కాలుతున్నా ఒక్క గుక్కలో తాగేసి, “లే, కూర్చో!” అంది.

ఆ పూట కొత్త పిల్ల ముగ్గురినీ ఓడించింది. సవతులిద్దరూ మొట్టమొదటిసారి ఒక్కటై దాన్ని తిట్టారు. ముసలి మేనత్త బల్ల మీద కొట్టి కొట్టి నవ్వింది.

మా అమ్మ మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ, “నీ చోటు పోయింది కదే అమ్మా” అన్నాను.

“నాకు సాయంత్రమైతే ఇల్లుంది. దానికి లేదు” అంది.

మొగుడు పోయాక అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరకు వచ్చాను. ఇక్కడ అపార్ట్‌మెంట్ వాళ్ళు తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో ఎప్పుడూ ఎవరో కొత్త పిల్ల పేపర్ ప్లేటు పట్టుకుని గోడవారన నిలబడి ఉంటుంది. నా కళ్ళు ముందు అటే పోతాయి. “రా తల్లీ, ఏ ఊరు మీది?” అని పక్కకు జరుగుతాను. “అమ్మమ్మా, తను ఎవరో కూడా నీకు తెలీదు!” అంటుంది మనవరాలు. తెలియకపోతేనేం?

టైప్ చేశావా, బంగారూ? నాకు సంతకం తప్ప అక్షరం రాదు. ఏదీ, మొదటి నుంచి చదువు, వింటాను.