ఆయా బొమ్మ ముఖం

మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదివే రోజుల్లో వారానికి మూడు రోజులు ఊరి శివార్లలో, కేరమ్ డౌన్స్‌లో ఒక ముసలాయన దగ్గర పనిచేసేదాన్ని. ఆయన కీ ఇస్తే నడిచే పాత రేకు బొమ్మలు బాగుచేసేవాడు. చాలావరకు పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో తయారైనవి. నాది మెకానికల్ కాబట్టి స్ప్రింగులు, పళ్లచక్రాలు నాకు అప్పగించేవాడు. రంగు జోలికి వెళ్లొద్దని మొదటి రోజే చెప్పాడు.

ఒక పెద్దావిడ తన నాయనమ్మ చిన్నప్పటి బొమ్మ తెచ్చింది. పిల్లల బండి తోసుకుంటూ నడిచే ఆయా. ఆవిడ పుట్టకముందే స్ప్రింగు తెగిపోయిందట. రెండు వారాలు కూర్చుని కొత్తది వేశాను. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు బొమ్మ ముఖం మీది మసి చూడలేక, గ్రీజు తుడిచే మందు గుడ్డకి అద్ది ఒక్కసారి రుద్దాను. మసితోపాటు ఎడమ కన్ను, సగం పెదవి ఊడి వచ్చాయి.

బొమ్మను పెట్టెలో పెట్టి, ఏమీ చెప్పకుండా ఇంటికొచ్చేశాను. నాతో ఉండే గుంటూరు అమ్మాయి నర్సింగ్ చదివేది. విషయమంతా విని, "రేపు యూనివర్సిటీకి వెళ్లేముందే షాప్‌కి వెళ్లి చెప్పెయ్యవే. ఆయనే చూస్తే ఇంకా వర్స్ అవుద్ది," అంది.

చెప్పాను. ఆయన భూతద్దంలో చాలాసేపు చూశాడు. శనివారం ఆవిడ వస్తుందని, ఈ మాట ఆవిడకి నువ్వే చెప్పాలని అన్నాడు. తిట్టలేదు.

శనివారం ఆవిడ నేను చెప్పింది విని, బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. ఎందుకు తుడిచావని అడిగింది. శుభ్రంగా ఉంటే మీకు నచ్చుతుందనుకున్నానని చెప్పాను. బొమ్మను నా చేతికిచ్చి, ఇప్పుడు నడుస్తుందా అంది. కీ ఇచ్చి బల్ల మీద వదిలాను. ఆయా బండి తోసుకుంటూ చివరిదాకా వెళ్లింది, పడిపోకుండా పట్టుకున్నాను. ఆవిడ మళ్లీ నడిపించమంది. అలా నాలుగుసార్లు.

"ఇది నడిచేదని నాయనమ్మ చెప్తే, మేమెవరం నమ్మలేదు," అంది.

కన్ను తిరిగి గీస్తానని ముసలాయన అన్నాడు. ఆవిడ వద్దంది. బొమ్మను తన స్కార్ఫులో చుట్టుకుని వెళ్లిపోయింది. నా మీద కోపం పోయిందో లేదో తెలియలేదు.

ఆ తర్వాత రెండు నెలలు ఆయన నాకు చక్రాలు తప్ప ఏమీ ఇవ్వలేదు. ఒక రోజు మాత్రం డప్పు కొట్టే కోతి బొమ్మను ముందు పెట్టి, ఏ మందైనా మొదట బయటికి కనపడని దాని అరికాలి మీద రాసి చూడాలని నేర్పించాడు. కోర్సు అయ్యేదాకా అక్కడే పనిచేశాను.