ఆలస్యంగా పలికే మెట్టు

మొన్న ఆదివారం మా రాజాం చర్చిలో కొత్త కీబోర్డు మొదటిసారి మోగింది. మోగడమంటే మామూలుగానా, కిటికీ అద్దాలు కూడా అదిరాయి! కొత్తగా వచ్చిన పాస్టరుగారే వాయించారు. చిన్న వయసు, చురుకైన వేళ్ళు. ఆఖరి పాట మూడో వరసలో మాత్రం ఆయన ముందుకు వెళ్ళిపోయారు, మేమంతా వెనక ఆగిపోయాం. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే ఆగాం. "ఇక్కడెందుకు ఆగుతున్నారు? పాటలో ఆగమని లేదే!" అన్నారాయన నవ్వుతూ. "మాకలా అలవాటైపోనాది బాబూ" అంది వెనక బెంచీలోంచి ఒక ముసలమ్మ. "అయితే వచ్చేవారం సరిచేసుకుందాం" అన్నారు.

ఆ అలవాటు మాకు కరుణమ్మ టీచరుగారి వల్ల వచ్చింది. బడిలో లెక్కలు చెప్పేవారు, చర్చిలో హార్మోనియం వాయించేవారు. కాళ్ళతో తొక్కుతూ వాయించే పాత పెట్టె అది. మా ఎదురిల్లే కనక నాకు పాటలు నేర్పే పని కూడా ఆవిడ నెత్తినే పడింది. నాకేమో అన్నిటికీ తొందర. ఒక వరస పూర్తి కాకుండానే తర్వాతి వరసలో ఉండేదాన్ని. "ఒసే, ఏటే ఆ పరుగు? బస్సెలిపోతందా? పక్కోళ్ళు ఊపిరి తీసుకోవద్దా?" అని నెత్తి మీద మొట్టేవారు. ఇప్పుడు శ్రీకాకుళంలో నర్సుగా చేస్తున్నాను. మందులిచ్చి గబగబా వెళ్ళిపోబోతే ఆ మొట్టికాయ ఇంకా తగులుతూనే ఉంటుంది. మంచం మీదున్న మనిషి ఏదో అడగబోతున్నాడేమోనని ఆగుతాను.

ఆ పెట్టెలో ఒక మెట్టు నొక్కగానే పలికేది కాదు. ముందు 'హుఁ' మని గాలి పీల్చినట్టు ఓ చిన్న చప్పుడు, ఆ తర్వాతే స్వరం. మా పాట మూడో వరస దానితోనే మొదలయ్యేది కాబట్టి అందరం అక్కడ ఆగడం నేర్చుకున్నాం. బాగు చేయించరేమని ఒకసారి అడిగాను. అప్పుడు చెప్పారు టీచరుగారు. ఆవిడ ఒక్కగానొక్క కూతురు రోజీ, నా ఈడుదే, ఓ క్రిస్మస్ పూట ఆ మెట్ల మీద షర్బతు గ్లాసు ఒలకబోసింది. కోపంతో టీచరుగారు వీపు మీద రెండు వేశారట. అప్పట్నుంచే ఆ మెట్టుకి ఆ చప్పుడు. ఆ ఎండాకాలమే పచ్చకామెర్లతో పోయింది రోజీ. "ముందది ఊపిరి తీసుకుంటాది, తర్వాత నాను వాయిస్తాను. ఎవలికీ సెప్పకేం" అన్నారు. చెప్పలేదు.

అదే కొంప ముంచింది. టీచరుగారు బడి నుంచి రిటైరైనప్పుడు సంఘ పెద్ద యోహాను మావయ్య, ఆవిడకి తెలియకుండా, పెట్టెని విజయనగరం పంపి బాగు చేయించాడు. ఎంత సంబరమో ఆయనకి! కొత్త గుడ్డ కప్పి, ప్రార్థన చేసి, అందరి ముందూ తెరిచాడు. నేనూ ఆ రోజే ఊళ్ళోకి వచ్చాను. టీచరుగారు ఆ మెట్టు నొక్కారు. టక్కున పలికింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ టక్కున పలికింది.

"ఎలాగున్నాది టీచరమ్మా?"

"బాగున్నాది యోహానన్నా. మంచి పని సేసినారు."

ఇంటికొచ్చాక గుమ్మంలోనే కూలబడిపోయారు. "దాని గౌన్లిచ్చేసినాను. దాని పలక ఇచ్చేసినాను. ఆ ఒక్క సప్పుడే దాసుకున్నానే" అని చిన్నపిల్లలా ఏడ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మావయ్యని నాలుగు దులిపేద్దామని లేచాను. "కూకో. పేమతో సేసినోడిని ఏటడుగుతావు? ఆడికి తెల్దు కదా" అని నా చెయ్యి పట్టుకుని ఆపేశారు.

మరుసటి ఆదివారం అదే పాట. మూడో వరస దగ్గర పెట్టె ఆలస్యం చెయ్యలేదు, మేమే ఆగాం. మెట్టు బాగుపడింది గానీ మా గొంతులు బాగుపడలేదు. చర్చంతా ఒక్కసారి గాలి పీల్చుకున్న చప్పుడు. టీచరుగారి కాళ్ళు తొక్కడం మానేశాయి. తల తిప్పి మా అందరినీ చూశారు. అప్పట్నుంచి, పోయేదాకా, అక్కడ వేలు పైకెత్తి మాకోసం ఆగేవారు.

మొన్న ఆదివారం దాన్నే సరిచేద్దామన్నారు ఈ కొత్త పాస్టరుగారు. ఎవరికీ చెప్పొద్దన్న మాట గుర్తుంది. అయినా లేచి నిలబడ్డాను. "సరిచెయ్యకండి అయ్యగారూ. అక్కడ మా టీచరుగారి రోజీ ఊపిరి తీసుకుంటాది" అని మొత్తం చెప్పేశాను. ముందు బెంచీలో యోహాను మావయ్య రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆయన పక్కకెళ్ళి కూర్చుని, చెయ్యి పట్టుకున్నాను.

పాస్టరుగారు పాట మళ్ళీ మొదలుపెట్టి, మూడో వరస దగ్గర చేతులు పైకెత్తారు. టీచరుగారినీ రోజీనీ ఎన్నడూ చూడని నా ఐదేళ్ళ కూతురు, అందరితోపాటు, అందరికంటే గట్టిగా ఊపిరి తీసుకుంది.