నొప్పుల ఇటాలియన్‌తో రూవి దాకా

ఒమాన్‌లోని ఇబ్రిలో ఆరింటి బస్సు ఆరూ ఇరవైకి కదిలింది. పదకొండున్నరకి నేను మస్కట్‌లో, రూవిలో ఉండాలి. ఇటలీలో విదేశీయులకి తమ భాషా సంస్కృతీ నేర్పే యూనివర్సిటీ ఒకటుంది. దాని తరఫున ఒక ప్రొఫెసరు అక్కడికి వచ్చాడు. మాట్లాడించి చూసి, నచ్చినవాళ్ళని ఒక నెల తమ ఊరు పిలిపించుకుంటారు. చదువూ బసా వాళ్ళదే. నాకు ఆ సీటు కావాలి. తొంభైల మొదటి రోజులవి. గల్ఫ్‌కొచ్చి ఏడేళ్ళయినా వార్డూ రూమూ తప్ప ఏం చూశాను గనక!

నేనొక నర్సుని. సైట్‌లో కాలు విరిగిన ఇటలీ ఇంజనీరు మూడు నెలలు మా వార్డులో ఉన్నాడు. ఆయనకి ఇంగ్లీషు సున్నా. ఆయనతో పడలేక నేనే ఆయన భాష నేర్చుకున్నా. నొప్పి, మాత్ర, నిద్ర, ఊపిరి, ఇవే మా మాటలు.

వెళ్ళేవాళ్ళకి చెబుతున్నా, కుడివైపు సీటు వద్దు, నిజ్వా దాటాక ఎండంతా మీదే. నడవకి అవతల సీట్లో ఉన్న కడప మెకానిక్కు నన్ను చూసి చూసి, "ఏంది సిస్టర్, అన్నిసార్లు గడియారం చూస్తే బస్సు ఉరుకుతాదా?" అన్నాడు.

"మీకేం భాయ్, మీకు పరీక్షా పాడా!" అన్నా.

నిజ్వాలో పావుగంటన్న డ్రైవరు అరగంట చేశాడు. టీ కప్పు పట్టుకుని బస్సు మెట్టుమీదే నిలబడ్డా.

రూవిలో దిగేసరికి పదకొండూ నలభై. పరుగో పరుగు. ప్రొఫెసరు గది ముందు ఇంకా ఇద్దరు మిగిలారు, బతికిపోయా.

"మా దేశం గురించి ఏదైనా చెప్పండి" అన్నాడు ప్రొఫెసరు ఇటాలియన్‌లో. బట్టీపట్టిన ఊళ్ళ పేర్లు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆయన కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూచున్నాడు. ఇక నా నోరు ఊరుకుంటుందా? "ఎక్కడ నొప్పి? ఎప్పట్నించి? నిద్ర పట్టిందా?" అని ఇటాలియన్‌లో వరసపెట్టి అడిగేశా. నడుమట, విమానం ఎక్కినప్పట్నించీనట. "ఊపిరి పీల్చండి" అని, లేచి వీపు వెనక దిండు కూడా సర్దా. అప్పుడొచ్చింది తెలివి. అయ్యో రత్నకుమారీ, పరీక్ష పెట్టేవాణ్ణే పేషెంటుని చేశావే! సిగ్గుతో చచ్చిపోయా.

ఆయన నవ్వి ఇంగ్లీషులో అన్నాడు, "మావాళ్ళ నొప్పులన్నీ మీకు తెలుసు. సంతోషాలు ఒక్కటీ తెలీవు. అవి నేర్పడానికేగా మేమున్నది!" సీటు రాసిచ్చాడు.

మలబారీ హోటల్లో చేపలకూర అన్నం తిని రెండున్నర బస్సెక్కా. సీటొచ్చినా మనసుకి కుదురు లేదు, ఆ కాగితం తీయడం, చూడడం, మళ్ళీ దాచడం. పక్కన ఒమానీ పెద్దామె, చేతులనిండా ఎర్రటి గోరింటాకు. నాకు ఖర్జూరాలు పెట్టి సంబరంగా ఏదో చెప్పుకుపోతోంది. ఎవరి పెళ్ళండీ అని అడగాలనిపించింది. ఏ మాటల్తో అడగను? ఏడేళ్ళుగా వీళ్ళ ఉప్పు తింటున్నా, అరబ్బీలోనూ నాకొచ్చింది నొప్పి, మాత్ర, నిద్ర, ఊపిరి!

ఇటలీకి ఇంకా నాలుగు నెలలుంది. కాగితం సంచిలో పెట్టేసి, ఆమె చెయ్యి పట్టుకుని, గోరింటాకు చూపించి, "దీన్నేమంటారు?" అని సైగలతోనే అడిగా.