పాట పెట్టకుండా విను

నా చెవుల మీద ఒట్టు. నవ్వుకోండి... సగం పోయిన చెవుల మీద ఒట్టేమిటని. పోయినవి పోగా మిగిలినవి అవే, అందుకే వాటి మీదే వేస్తున్నా. ఇది జరిగింది. నాకే జరిగింది. కల్పించి చెప్పే ఓపిక నాకెప్పుడూ లేదు. ఆ రోజుల్లో అయితే అన్నం కలుపుకునే ఓపిక కూడా లేదు.

మాది నంద్యాల. పన్నెండేళ్లు బోరు లారీ మీద పనిచేశాను. అవి కరువు ఏళ్లు... రెండు వేల రెండో, మూడో. వానలు లేవు గానీ బోర్లకు మాత్రం వరస కట్టేవాళ్లు. పగలొక చేను, రాత్రొక చేను. కంప్రెసరు మొదలైతే పక్కనున్న మనిషి గొంతు చించుకున్నా వినపడదు. అందుకే మా పనిలో మాటలుండవు. స్పానరుతో ఇనుము మీద కొడతాం. ఒక దెబ్బంటే రాడ్డు దించు. రెండంటే ఆపు. మూడంటే పైకెత్తు. అలవాటు ఎంత దూరం పోయిందంటే, ఇంట్లో అన్నం చాలని చెప్పడానికి కూడా కంచం మీద రెండు కొట్టేవాణ్ణి.

"ఏందయ్యా, నేనేమన్నా రాడ్లు దించేదాన్నా? నోట్లో నాలిక ల్యా?" అని మా సుగుణమ్మ గరిటె ఎత్తేది.

పని ఆగినా చెవుల్లో శబ్దం ఆగదు. గుయ్‌మని ఒకటే మోత. ఎడమ చెవికి చిల్లు పడిందన్నాడు డాక్టరు. ఆ చెవిలోకి ఏదీ దూర్చొద్దన్నాడు. నిద్ర పట్టదు. పట్టినా అది నిద్ర కాదు... కళ్లు మూసుకుని మెలకువగా ఉండటం. మనిషిని అలిసిపోయాను. ఎముకల్లోకి దిగిన అలసట అది.

సరిగ్గా అప్పుడే ఆఫ్రికాలో బోర్లు వేసే పని దొరికింది. రెండేళ్లు. వీసా వచ్చింది, టికెట్టు వచ్చింది. ముందు పోయొచ్చినవాడొకడు నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పాడు. బొంబాయిలో ఎక్కాక ఇంకో రెండు విమానాలు మారాలట. రెక్క పక్కన సీటొస్తే కంప్రెసరు పక్కన పడుకున్నట్టేనట. దిగిన మర్నాడే బోరు రిగ్గెక్కించి పనితనం చూస్తారు. కన్ను మూతపడినా, చెయ్యి వణికినా తిరుగు విమానమే. "చెవులకు ఏదన్నా మంచిది కొనుక్కొని పో. నిద్రపోయి దిగితేనే నీకు పని" అన్నాడు.

నాతో పాటు లారీ మీద పనిచేసే ఓబులేసుది ఆళ్లగడ్డ. వాళ్ల ఊళ్లో మస్తాన్ అని, కువైట్‌లో కొన్నేళ్లుండి వచ్చి టేప్‌రికార్డర్ల షాపు పెట్టుకున్నాడు. హెడ్‌ఫోన్లు అతని దగ్గర రకరకాలవి ఉన్నాయని ఓబులేసే చెప్పాడు. ప్రయాణం ఇంకో వారం ఉందనగా సాయంత్రం బస్సుకు ఆళ్లగడ్డ పోయాను.

షాపు మెయిన్ రోడ్డు మీదే. కరెంటు లేదు. గుమ్మం ముందు జనరేటరు కొట్టుకుంటోంది. కడప లారీలు హారన్ల మీద హారన్లు. మస్తాన్ బల్ల మీద నాలుగు రకాలు పరిచాడు.

"ఈ స్పాంజివి వద్దన్నా. పాటలకే. బయటి సద్దంతా లోపలికొస్తాది. ఈ రబ్బరు బిరడాలు మంచివే, గానీ చెవులోకి దూర్చల్ల."

"నాకు చిల్లుంది. దూర్చకూడదు."

"అయితే వొద్దు. ఇది బ్యాటరీది. ఇంజను మోత లాంటిది తగ్గిస్తాది, గానీ మనుషులు మాట్లాడితే ఇనపడతాంటాది. బ్యాటరీ అయిపాయనా, అంతే సంగతి." చివరిది చేతికిచ్చాడు. పెద్దది. నల్లటి మెత్తలు, చెవిని మొత్తం కప్పేస్తాయి. "ఇది బరువు. తలకాయ కొంచెం పట్టినట్టుంటాది. గానీ బ్యాటరీతో పని లేదు. పెట్టుకోని నోరు ఆడించు. మెత్త పైకి లేస్తే నీకు సరిపోనట్టు."

వైరు తీసుకుని టేప్‌రికార్డరు కోసం చూశాను. మస్తాన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"పాట పెట్టకుండా విను అన్నా. పాట పెడితే ఏదైనా బాగానే ఉంటాది. ఉత్తగా ఇంటేనే దాని సంగతి తెలిసేది."

పెట్టుకున్నాను.

జనరేటరు పోయింది. లారీలు పోయాయి. మస్తాన్ పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. నా చెవుల్లోని గుయ్ ఒక్కటే మిగిలింది. అది పాత చుట్టం, దాంతో ఇబ్బంది లేదు. పన్నెండేళ్ల తర్వాత అంత నిశ్శబ్దం... నిజం చెబుతున్నా, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాసేపు అలాగే ఉండిపోయాను.

టక్... టక్.

మస్తాన్ బల్ల మీద కొడుతున్నాడేమో అనుకున్నాను. చూస్తే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వైరు నా ఒళ్లోనే ఉంది, దేనికీ తగిలించలేదు. తీసేశాను. జనరేటరు, లారీలు, అంతే. మళ్లీ పెట్టుకున్నాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత...

టక్... టక్.

"ఏందన్నా, బాగల్యా?" అన్నాడు తీశాక.

"బాగుంది" అన్నాను. కొనేశాను. చెవులు చెడినవాడికి ఏదో ఒకటి వినిపిస్తూనే ఉంటుంది, దానికేముంది అనుకున్నాను.

బయటికొచ్చేసరికి నంద్యాల బస్సు వెళ్లిపోయింది. ఆ రాత్రి ఓబులేసు వాళ్ల మిద్దె మీద పడుకున్నాను. అతను అటు తిరిగి గురక. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. గురక కూడా పోయింది. హాయిగా ఉంది... నిద్ర వస్తోంది... నిజంగానే వస్తోంది...

టక్... టక్.

కళ్లు తెరిచాను. లెక్క పెట్టాను. నూరు దాకా లెక్కపెడితే మళ్లీ. ఇంకో నూరు, మళ్లీ. ఎప్పుడూ రెండే. మూడో దెబ్బ లేదు. రెండంటే ఆపు.

అప్పుడు తట్టింది నాకు. అది రాడ్డు మీద కొట్టిన శబ్దం కాదు. రాడ్డు ఖంగుమంటుంది. ఇది పగిలిన చప్పుడు... కేసింగ్ పైపు మీద కొట్టినట్టు. బోరు పైభాగంలో మట్టి కూలకుండా దించే ఇనప గొట్టం అది. పైగా ఈ పైపు నాకు తెలుసు! మూడు వారాల కింద, చాగలమర్రి దారిలో తిరుపాలు అనే రైతు చేన్లో బోరు వేశాం. దుమ్ము తప్ప చుక్క రాలేదు. కేసింగ్ అన్నా పెరికివ్వండని కాళ్లా వేళ్లా పడ్డాడు. పూటంతా కొట్టాం. రాలేదు, అంచు చీలింది. ఆ చీలిన చప్పుడు నా చేతుల్లో ఇంకా ఉంది.

ఓబులేసును కుదిపి లేపాను.

"తిరుపాలు చేన్లో బోరు మూసినామా?"

"ఏందన్నా ఈ యాళప్పుడు?"

"మూసినామా లేదా చెప్పు."

లేచి కూర్చున్నాడు. "గోతం కప్పి రాయి పెట్టినాం గదన్నా. బండ తిరుపాలు తెచ్చుకుంటాననె."

"తెచ్చినాడా?"

ఓబులేసు తల గోక్కున్నాడు. "యాడ తెస్తాడన్నా. ఆ వారమే ఇంటికి బీగమేసి పెండ్లాం పిల్లోళ్లతో బెంగుళూరికి కూలికి పాయ."

ఆ రోజు నేనే నిలబడి బండ వేయించి రావాలి. పక్క ఊళ్లో ఇంకో బోరు కాచుకుని ఉందని లారీ కదిలించాను. తప్పు నాది. ఆ మాట అప్పుడే ఊళ్లో చెప్పుకుంటే ఎంతో బాగుండేది.

ఓబులేసు బట్టలుతికే నాపబండ లేవదీశాం. మోపెడ్డు మీద ముందు బండ, మధ్యలో అతను, వెనక నేను, నా సంచీలో టార్చి, స్పానరు. రోడ్డు దిగి చేలల్లోకి తిరిగాక ఇంజను ఆపి నడిచాం. చలి. ఎక్కడా కుక్క కూడా అరవలేదు.

బోరు దగ్గరికొచ్చాం.

గోతం లేదు.

రాయి పక్కకు దొర్లి ఉంది. నల్లటి నోరు తెరుచుకుని ఉంది, జానెడు వెడల్పు. పెద్ద మనిషి పట్టడు... చిన్నవాళ్లు పడతారు. చుట్టూ గొర్రెల పెంటికలు. కంప వేసి మంద కట్టిన గుర్తులు, చల్లారిన పొయ్యి రాళ్లు. గొర్రెలవాళ్లెవరో సంసారాలతో దిగి, పోయినట్టున్నారు.

టార్చి వేశాను. వెలుతురు కొంత దూరం పోయి ఆగిపోయింది. పొట్ట మీద పడుకుని నోటి దగ్గర చెవి పెట్టాను. నా గుయ్ తప్ప ఏమీ లేదు.

"ఎవరన్నా ఉండారా?" అని అరిచాను. నా గొంతే కిందికి పోయి, తిరిగి రాలేదు.

సంచీలోంచి స్పానరు తీశాను. చీలిన అంచు మీద కొట్టాను. రెండు.

టక్... టక్.

ఊపిరి బిగబట్టాను. ఓబులేసు కూడా కదల్లేదు. ఒకటి... రెండు... మూడు... పది దాకా లెక్కపెట్టాను. ఇరవై. ఏమీ లేదని లేవబోయాను. అరచెయ్యి ఇంకా పైపు మీదే ఉంది...

చేతికి తగిలింది. చెవికి కాదు, చేతికి. కింద నుంచి, ఎక్కడో చాలా కింద నుంచి. ఒకటి. కాస్త ఆగి, ఇంకొకటి.

"విన్నావా?" అన్నాను.

"నాకేం ఇనపల్యా అన్నా." అతని చెవులూ నా చెవుల్లాంటివే. ఇద్దరు చెవిటివాళ్లం అర్ధరాత్రి చేన్లో నిలబడి ఒకరి సాక్ష్యం ఒకరం అడుగుతున్నాం. "పగలంతా ఎండకు కాగింటాదన్నా ఇనుము. సలికి బిగుసుకుంటే కొట్టుకుంటాది. రా, మూసి పోదాం" అన్నాడు.

"తెల్లారనీ. ఊళ్లో అడుగుదాం."

తెల్లారేదాకా పైపు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. మళ్లీ ఏమీ తగల్లేదు. పొద్దున పక్క ఊళ్లో టీ కొట్టు దగ్గరికి పోయాం. ఇక్కడ నేను చేసింది చెప్పాలి. బోరు తెరిచిపెట్టి పోయాం, పైపులోంచి చప్పుడొస్తోంది అని నేను చెప్పలేదు. చెబితే జనం చేరతారు, పోలీసులొస్తారు, నన్ను కదలనివ్వరు. వారంలో విమానం. అందుకని టీ తాగుతూ పక్కదారిన అడిగాను. "ఈడ పిల్లోళ్లెవరన్నా తప్పిపోయినారంట గదా?"

"మా ఊర్లోనా? ఎవరూ ల్యాప్పా. ఎవురు చెప్పిరి?" అన్నాడు టీ కొట్టాయన.

"ఆ గొర్రెలోళ్లు?"

"వాళ్లు పోయి మూడు దినాలాయ. యాడికి పోతారో వాళ్లకే తెలీదు, మనకేం తెలుసు."

అంతే. లేచి పోయి బండ వేశాం. చుట్టూ మట్టి మెత్తాం, పైన రాళ్లు పేర్చాం. ఈసారి గట్టిగా మూశాను. చాలా గట్టిగా.

నంద్యాల వచ్చాక రోజూ రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని పడుకున్నాను. చప్పుడు లేదు! రెండంటే ఆపు కదా, అది ఆగిపోయింది అనుకున్నాను. ఆ వారం నేను పోయిన నిద్ర ఆ పన్నెండేళ్లలో పోలేదు. సుగుణమ్మ పక్కింటావిడతో చెప్పిందట, "మా ఆయన శవం మాదిరి పండుకుంటాండాడు" అని. నవ్వుకున్నాం.

బొంబాయిలో విమానం ఎక్కాను. రెక్క పక్కనే సీటు. లేచేటప్పుడు మోతకు పళ్లు కదిలాయి. దీపాలు తగ్గించారు. అందరూ దుప్పట్లు కప్పుకున్నారు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఇంజను ఎక్కడికో దూరంగా పోయింది. కింద సముద్రం. కళ్లు మూతలు పడుతున్నాయి...

టక్...

కళ్లు తెరవలేదు.

టక్...

అదే పైపు. అదే చీలిక.

...టక్.

మూడు.

మూడంటే పైకెత్తు.

మళ్లీ మూడు. మళ్లీ మూడు. హెడ్‌ఫోన్లు పీకి ఒళ్లో పడేశాను. ఇంజను మోత మీదపడింది. ఆ మోతను అంత ప్రేమగా ఎప్పుడూ వినలేదు. మరి కన్ను మూయలేదు. దిగిన మర్నాడు రిగ్గెక్కాను. నా చెయ్యి వణకలేదు. అదేమిటో, నాకే సిగ్గేసింది.

టెలిఫోను దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఓబులేసు పక్కింటికి చేశాను.

"ఆ బండ తీసి చూడప్పా. ఊళ్లో చెప్పు, నా పేరే చెప్పు. ఏమైనా కానీ."

"సరేన్నా."

ఇంకో వారానికి మళ్లీ చేశాను. "చూసినావా?"

ఫోనులో గాలి చప్పుడు. "పోయినానన్నా. ఏం ల్యా. బాగుంది."

"బండ తీసి చూసినావా?"



"మట్టి కదలల్యా అన్నా" అన్నాడు.

నేను మళ్లీ అడగలేదు. అతనూ చెప్పలేదు. రెండేళ్లు అక్కడ జనరేటరు పక్కన మంచం అడిగి వేయించుకుని పడుకున్నాను. నాకు పిచ్చన్నారు. తిరిగొచ్చేసరికి ఆ చేను ఎవరో కొని దున్నేశారు. బండ ఎక్కడుందో, చోటే ఆనవాలు దొరకలేదు. చెవి జబ్బు అంటాడు డాక్టరు. చలికి ఇనుము అంటాడు ఓబులేసు. కావచ్చు. రెండూ కావచ్చు. గొర్రెలవాళ్లను మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు. నేనూ వెతకలేదు.

ఇప్పటికీ ఆ దారిన పోవాల్సి వస్తే, బస్సులో ఇంజను పక్క సీటే అడుగుతాను. చాగలమర్రిలో డ్రైవరు టీకి దిగి ఇంజను ఆపేస్తాడు చూడండి... అప్పుడు పక్కనెవరుంటే వాళ్లతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాను.