నలభై నిమిషాల మంచు

మూడో తరగతి సైన్సు టీచరమ్మ మంచుగడ్డను ఇంటి నుంచి తువ్వాలులో చుట్టి, టిఫిన్ డబ్బాలో తెస్తుంది. స్టీలు పళ్లెంలో రాయి పెట్టి, దాని మీద గడ్డను ఉంచి, చుట్టూ నీళ్లు పోసి, ఒడ్డున పిల్లలు చేసిన అగ్గిపెట్టె ఇళ్లను నిలబెడుతుంది. భూమి వేడెక్కితే మంచు కరిగి సముద్రం ఎలా పొంగుతుందో కళ్లారా చూస్తే పిల్లలు జన్మలో మరిచిపోరని ఆమె నమ్మకం. కానీ గడ్డ కరగడానికి గంట పడుతుంది; పీరియడ్ నలభై నిమిషాలే. ఈ ఏడు నాలుగుసార్లు చేసినా ఒక్క ఇల్లూ తడవలేదు. ఇవాళ గడ్డ మీద నోటితో ఊదింది, అరచేతులు తిమ్మిరెక్కేదాకా దాన్ని రుద్దింది. నీళ్లు మొదటి ఇంటి గడప దాకా వచ్చాయో లేదో, గంట కొట్టారు.

"ఏమ్మా, మీ సముద్రం ఇంకా ఖాళీ చెయ్యలేదా? నా భాగహారాలు గుమ్మంలో నిలబడ్డాయి," అన్నాడు లెక్కల మాస్టారు.

"ఒక్క పావుగంట మూలన ఉండనివ్వండి మాస్టారూ!"

"ఉంటే వీళ్లు నా బోర్డు వంక చూస్తారా?"

ముందు బెంచీ పిల్ల పారబోయడానికి అప్పుడే పళ్లెం ఎత్తేసింది. "పోనీలెండి టీచర్, మన పీరియడ్‌లో ఇళ్లు ఎప్పుడూ మునగవుగా!"

టీచరమ్మ ఆ పళ్లెం లాక్కుంది. "గంట కొడితే వెళ్లిపోయేది నేను తల్లీ. ఈ గదిలో ఉండేది మీరే," అంటూ దాన్ని తీసుకెళ్లి మాస్టారి బల్ల మీదే పెట్టి, వెనక్కి చూడకుండా బయటికి నడిచింది.