అంజమ్మ మడమల చప్పుడు

నాలుగేళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట ఇది. మా చెల్లెలు అంజమ్మను కన్నకొడుకే కదలనివ్వకుండా కుర్చీలో కూర్చోబెట్టాడు.

నిన్న పొద్దున శామీర్‌పేట నుంచి ఫోన్.

"మామా, అమ్మ ఇగ లేదు" అన్నాడు మేనల్లుడు శ్రీశైలం.

తుంటి విరిగి హాస్పిటల్‌లో పడి నెల కూడా కాలేదు.

నాకు రాత అంతంత మాత్రమే. తప్పులుంటే సర్దుకొని చదవండి.

ఎముకలు గుల్లబారాయని మేడ్చల్ డాక్టరమ్మ చెప్పిన రోజు పక్కన నేనే ఉన్నాను. మాత్రలు రాసింది. స్కాన్‌లో వెన్నుపూస బాగానే ఉందని చూసి, గోడ పట్టుకొని మడమలు లేపి చప్పుడయ్యేటట్టు దించమంది. రోజూ యాభై సార్లు. కొంచెం అదురు తగిలితేనే ఎముక గట్టిపడుతుందట.

"పడుసుదనం ఎముక మళ్ల వస్తదా బిడ్డా?" అంది అంజమ్మ.

"అంత రాదమ్మా. ఉన్నది నిలబడ్తది. కొందరికి జెర్రంత పెరుగుతది."

ఇంట్లో ఒప్పుకోలేదు. ఆడమనిషి పొద్దున్నే కాళ్లు దబదబ కొడితే లక్ష్మి వెళ్లిపోతుందట. శ్రీశైలానికి ఆ నెల ఒక ప్లాటు బేరం చెడింది. దానికీ తల్లి మడమలే కారణమట.

ఆమె ఊరుకోలేదు. రోజూ ఆటో ఎక్కి లాల్‌గడి మలక్‌పేటకు వచ్చి, మా కొట్టంలో గుంజ పట్టుకొని మడమలు కొట్టేది. బర్రె బెదిరి తాడు గుంజేది.

"సూడన్న, దీనికి నేనంటే భయమున్నది. నా కొడుక్కే లేదు" అని నవ్వేది.

ఏడాదికి స్కాన్ తీస్తే ఎముక కొంచెం మెరుగైంది. మాత్రల వల్లనో మడమల వల్లనో చెప్పలేనంది డాక్టరమ్మ. రెండూ ఆపొద్దంది.

శ్రీశైలం ఆటో మాన్పించాడు.

"పడితే ఎవల్ది జిమ్మేదారి మామా?"

ఇక ఈ నాలుగేళ్లూ కుర్చీ, టీవీ, మాత్రలు. కాళ్లు సన్నబడ్డాయి. పోయిన నెల ఆ కుర్చీలోంచి లేవబోయే పడింది.

మడమలు కొట్టి ఉంటే బతికేదని నేను అనను. నాకు తెలియదు. కొట్టనివ్వలేదని మాత్రం తెలుసు.

ఇప్పుడు శ్రీశైలం భార్యకూ అదే రిపోర్టు. డాక్టరమ్మ అదే మాట చెప్పిందట. నిన్న శవం పక్కన కూర్చొని ఆ పిల్ల మెల్లగా అడిగింది.

"నన్నేం జెయ్యమంటవ్ మామా?"

ఆ ఇంట్లో మాట చెల్లేది నాది కాదు.

అంజమ్మా, నొప్పి లేని చోట సల్లగ ఉండు చెల్లె.

శ్రీశైలం, పదకొండో రోజు అందరూ వస్తారు. నీ భార్యను డాక్టరమ్మ చెప్పినట్టు చెయ్యనిస్తావా లేదా, ఆ రోజు విస్తళ్లు వేసే లోపల నలుగురిలో చెప్పు. చెప్పకపోతే నేను అన్నం ముట్టను.