ఇచ్చోడలో నా ఛాతీ మీద యాభై ఐదు కిలోలు

డిసెంబరు రెండో శనివారం, తెల్లవారి ఐదున్నరకు కరీంనగర్ బస్టాండులో నిర్మల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మేం ముగ్గురం: నేను, శ్రవణ్, మమత. ముగ్గురి చేతుల్లోనూ పెళ్ళికి పోతున్నంత పెద్ద సంచులు. వాటిలో ఉన్నవి పట్టుబట్టలు కావు, దుప్పట్లంత మందమైన తెల్ల యూనిఫారాలు. ఇచ్చోడలో రెండు రోజుల జియు జిట్సు శిబిరం ఉందని తెలిసి బయలుదేరాం.

తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్తాను. ఇందులో గుద్దులు, తన్నులు ఉండవు. కుస్తీలాగా పట్టుకోవడం, కింద పడెయ్యడం, కదలకుండా అదిమిపెట్టడం, మెడో చెయ్యో బిగించడం. దొరికిపోయినవాడు చేత్తో రెండుసార్లు తడితే అవతలివాడు వెంటనే వదిలెయ్యాలి. నలభై ఆరేళ్ళ లెక్కల మాస్టారికి ఈ పిచ్చి ఎందుకు పట్టిందని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. షుగరు వచ్చింది, డాక్టరు చెమట పట్టాలన్నాడు, మా వీధి చివరి క్లబ్బులో ఇది నేర్పుతున్నారు, చేరాను. అంతకంటే పెద్ద కథేమీ లేదు.

కాని చేరిన రెండేళ్ళలో నాకు ఒక పట్టు బ్రహ్మాండంగా కుదిరింది. నేను వెల్లకిలా పడి ఉంటే, ఎవరైనా నా ఛాతీ మీద కూర్చున్నారనుకోండి. నడుము ఒక్కసారిగా పైకెత్తి వాళ్ళని పక్కకు దొర్లించేస్తాను. క్లబ్బులో నా దెబ్బకు దొర్లనివాడు లేడు. ఆ ధైర్యంతోనే ఏడాది నుంచి మా బడిలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నలభై మందికి, బడి ఉన్న శనివారాల్లో చివరి పీరియడు ఈ పట్టు నేర్పుతున్నాను. మొదటిరోజు శ్రవణ్‌ని బడికి తీసుకెళ్ళి, నా మీద కూర్చోబెట్టి, దొర్లించి చూపించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంకో రెండు పట్లు నేర్చుకొచ్చి వాళ్ళకు చెప్పాలనే ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

శ్రవణ్ సంగతి చెప్పాలి. నేను సిరిసిల్లలో పనిచేసినప్పుడు పదో తరగతిలో నా దగ్గర లెక్కలు చదివాడు. వాళ్ళ బాపు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. ఇప్పుడు ఇతను కరీంనగర్‌లో ఒక ఫోన్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. మమత బొగ్గు గనుల మందమర్రి పిల్ల, ఆసుపత్రిలో నర్సు. ఇద్దరూ మా క్లబ్బువాళ్ళే, పాతికేళ్ళు దాటలేదు. ఇద్దరూ నన్ను సార్ అంటారు. ఆ మాటకొస్తే మా కోచ్ కూడా నన్ను సార్ అనే పిలుస్తాడు.

మమత ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. మేమిద్దరం డబ్బులిచ్చి తీసుకున్నాం. జగిత్యాలలో ఆరున్నరకు చాయ్. అక్కడ ఎక్కిన ఒక పెద్దాయన మా సంచుల మీద చెయ్యి వేసి, "గిండ్ల ఏమున్నది బిడ్డా?" అని అడిగాడు. శ్రవణ్ వివరంగా చెప్పాడు. పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"సారుతోని కుస్తీ పడ్తవా నువ్వు?"

"ఏదో ప్రాక్టీస్, తాతా. సారునెట్ల కొడ్త?" అన్నాడు శ్రవణ్.

నాకు లోపల చాలా గర్వంగా అనిపించింది. వినయం గల కుర్రాడని మెచ్చుకున్నాను కూడా. ఆ జవాబు సరిగ్గా విని ఉంటే ఇచ్చోడ దాకా పోవలసిన పనే లేదు.

మెట్‌పల్లి, ఆర్మూర్ దాటి నిర్మల్ చేరేసరికి తొమ్మిదింబావు. బస్టాండు ఎదుట అటుకుల పోహా తిన్నాం, వేడిగా, పైన సన్న కారప్పూస చల్లి ఇచ్చారు. ఈ దారిన వచ్చేవాళ్ళు ఇక్కడే తినడం మంచిది, తరవాత ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆకలి గుర్తొస్తే చేసేదేమీ ఉండదు. తొమ్మిదీ యాభైకి ఆదిలాబాద్ బస్సు దొరికింది. ఘాట్ ఎక్కుతుంటే చలి కిటికీ సందుల్లోంచి చెవుల్లో దూరింది. టేకు చెట్లు ఇంకా ఆకు రాల్చలేదు. రోడ్డు పొడుగునా పత్తి బండ్లు. పదకొండు గంటలకు ఇచ్చోడలో దిగాం.

శిబిరం ఎక్కడో తెలుసా? ఫంక్షన్ హాల్లో. వేదిక మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కూర్చునే ఎర్ర మఖమలు కుర్చీలు అలాగే ఉన్నాయి. జనం భోజనాలు చేసే చోట నీలం మ్యాట్లు పరిచారు. రెండు రోజులకు తిండితో సహా మనిషికి పన్నెండు వందలు. మగవాళ్ళకు పెళ్ళికొడుకు విడిది గది, ఆడవాళ్ళకు పెళ్ళికూతురి గది. నేర్పేవాడు దిగంబర్ అని యాభై ఏళ్ళ మనిషి, చిన్నప్పుడు జాతరల్లో కుస్తీ పట్టినవాడట. ఇరవై మంది దాకా వచ్చారు.

పన్నెండింటికి మొదటి విడత. ఒకరు కింద పడుకోవాలి, ఒకరు ఛాతీ మీద కూర్చోవాలి, కిందివాడు ఐదు నిమిషాల్లో బయటపడాలి. నాకు జోడీగా మారుతి అనే ఆయన వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, బజారులో నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడట. బరువు యాభై ఐదు కిలోలు. నాది డెబ్బై ఎనిమిది. పాపం, విసిరికొడితే వేదిక మీద కుర్చీలో పడతాడేమో అని నిజంగానే అనుకున్నాను.

కూర్చున్నాడు. నేను నడుము ఎత్తాను. ఏమీ జరగలేదు.

మళ్ళీ ఎత్తాను. మారుతి తన రెండు పాదాలూ నా తొడల కిందికి దూర్చాడు. బరువంతా తెచ్చి నా రొమ్ము మీద పెట్టాడు. గడ్డం నా చెవి పక్కన ఆనించాడు. నేను గింజుకున్నకొద్దీ ఇంకా కిందికి దిగుతున్నాడు. మూడోసారికి నాకు ఊపిరి అందలేదు. హాలు పైకప్పుకు వేలాడుతున్న కాగితం పూలు మసకబారాయి. చేత్తో తట్టాను. వెంటనే లేచాడు.

"మంచిగున్నవా దాదా? నీళ్ళు తాగుతవా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. అక్కడ దాదా అంటే అన్న.

"మళ్ళీ కూసో" అన్నాను. ఐదు నిమిషాల్లో నాలుగుసార్లు తట్టాను. ఒక్కసారి కూడా ఆయన్ని దొర్లించలేకపోయాను. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని సర్దిచెప్పుకోవచ్చు. కాని ఇది తన్నడం కూడా కాదు. మనిషి ఊరికే కూర్చున్నాడు, నేను లేవలేకపోయాను. దిమ్మ తిరిగిపోయి శ్రవణ్ వైపు చూశాను. మ్యాటు చివర నిలబడి ఇదంతా చూసినవాడు, నా చూపు పడగానే తల దించుకున్నాడు. మమత యూనిఫారం ముడి విప్పి మళ్ళీ కట్టుకుంది. ఊపిరాడనప్పటి కంటే అప్పుడు ఎక్కువ భయం వేసింది.

రెండింటికి భోజనాలు. జొన్నరొట్టె, పిట్ల అనే శనగపిండి కూర, పచ్చిమిరపకాయల ఠేచా పచ్చడి. పళ్ళెం ముందు పెట్టుకుని ఇద్దర్నీ అడిగాను: "క్లబ్బుల నేను దొర్లిస్తే ఎట్ల పడ్తున్నరు మీరు?"

శ్రవణ్ రొట్టె తుంచుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోడు. చివరికి మమతే చెప్పింది.

"సార్, ఏమనుకోకుండ్రి. మేమెన్నడు మీ మీద బరువు వెయ్యలే."

"అంటే?"

"మోకాళ్ళ మీద ఆనుకొని కూసుంటుంటిమి. సారు రొమ్ము మీద బరువేసి ఎట్ల కూసుంటం? కాళ్ళు అసలే తాకియ్యకపోతుంటిమి, పాపమని. మీరు నడుమెత్తంగనే మేమే పక్కకు దొర్లుతుంటిమి."

"రెండేండ్ల సంది?"

"అందరం" అంది మమత. "కోచ్ సార్ గూడ."

రెండేళ్ళు! వంగి వంగి నమస్కారాలు పెట్టినట్టే, వాళ్ళు ఒకరి తరవాత ఒకరు నా మీంచి వినయంగా దొర్లిపడ్డారు. నేనేమో అది నా నడుము బలమనుకుని ఇంటికి పోయి మా ఆవిడకు గొప్పలు చెప్పాను. తరగతిలో నా తప్పు లెక్కను ఎత్తిచూపని పిల్లల్ని నేను ఎన్నిసార్లు తిట్టానో. ఇక్కడ అందరూ కలిసి రెండేళ్ళు తప్పు లెక్కకు టిక్కు పెట్టారు.

సిగ్గు సంగతి అలా ఉంచండి, అది ఎలాగూ నాలుగు రోజుల్లో పోతుంది. రొట్టె చేతిలో పట్టుకుని ఉండగానే ఆ నలభై మంది పిల్లలు గుర్తొచ్చారు. వాళ్ళకు నేను నేర్పింది ఏమిటి? ఎంతటివాడు మీద పడ్డా సరే ఇట్లా చేస్తే పడిపోతాడని. నెల కింద కావ్య అనే పిల్ల లేచి, "సార్, వాడు పడకపోతే?" అని అడిగింది. "పడ్తడు, ఎందుకు పడడు" అన్నాను. అరిచినట్టే అన్నాను. ఆ పిల్ల కూర్చుంది, మళ్ళీ అడగలేదు. ఏదో ఒకరోజు ఆ పిల్ల నా మాట నమ్మి ఒక్కసారి నడుమెత్తి, వాడు పడక, తరవాత ఏం చెయ్యాలో తెలియక అలా ఉండిపోతే! రొట్టె పళ్ళెంలో పెట్టేశాను.

"ఇది తప్పు" అన్నాను. గొంతు పెద్దదైంది, పక్కవాళ్ళు తిరిగి చూశారు. "మీకు మర్యాద అనిపించింది. ఆ పిల్లలకు ఏమైతదో ఆలోచించిండ్రా? శ్రవణ్, నువ్వు బడికి కూడ వచ్చి వాళ్ళ ముంగట నాటకం ఆడినవ్."

"నాటకం అనుకోలే సార్" అన్నాడు శ్రవణ్. "పిల్లల ముంగట సారు పడిపోవద్దు అనుకున్న. గంతే."

మమత మెల్లగా అంది: "మా బాపు బొగ్గుబాయిల పనిచేసిండు సార్. లోపటికి దిగేటప్పుడు టోపీ లైటు పైననే చూసుకోవాలె, ఎలగకపోతే లోపట తెలిసి ఏం ఫాయిదా అంటుండె. మీ లైటు మేం చూడకుండనే మిమ్మల్ని బడికి పంపినం."

కోపం ఆమె మీద నిలవలేదు. నా మీదే నిలిచింది. మనుషులు నాకు ఎందుకు ఎదురు చెప్పరో రెండేళ్ళలో ఒక్కసారి కూడా అనుమానం రాలేదంటే, అది వాళ్ళ తప్పు మాత్రమే కాదు.

ఆదివారం పొద్దున ఆరున్నరకే మ్యాటు మీదికి చేరాం. నోట్లోంచి పొగ వస్తోంది. దిగంబర్‌ని పక్కకు పిలిచి జరిగిందంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"మా కుస్తీ అఖాడల గూడ గిట్లనే దాదా. ఉస్తాద్‌ను ఎవ్వడు పడెయ్యడు. ఉస్తాద్ ముసలోడైతడు, గాయనకు ఎరుకనే ఉండదు" అన్నాడు. తరవాత నన్ను పడుకోబెట్టి, తానే మీద కూర్చుని చూపించాడు. ముందు అవతలివాడి చెయ్యి, అదే వైపు కాలు రెండూ కదలకుండా బందు చెయ్యాలి, అప్పుడే నడుమెత్తాలి. అది కాకపోతే మోచెయ్యి, మోకాలు దగ్గరికి తెచ్చుకుంటూ పక్కకు జరగాలి. "ఒక్క దెబ్బకు కాదు. జరంత, జరంత. ఆగొద్దు" అన్నాడు. మారుతి మీద ఐదుసార్లు చేశాను. నాలుగుసార్లు కుదరలేదు. ఒకసారి, చెప్పినట్టే జరంత జరంతగా, బయటపడ్డాను. రెండేళ్ళలో అదే నా మొదటి నిజమైన గెలుపు.

పదింటికి శ్రవణ్‌ని పిలిచాను. వచ్చి కూర్చున్నాడు, మళ్ళీ మోకాళ్ళ మీదే ఆనుకుని. పక్షి వాలినట్టుంది.

"బరువు వెయ్యి."

"సార్..."

"వెయ్యి రా!"

కళ్ళు మూసుకుని వేశాడు. అరవై ఎనిమిది కిలోల మనిషి రెండేళ్ళలో మొదటిసారి నా మీద పూర్తిగా కూర్చున్నాడు. పాదాలు నా తొడల కింద పెట్టాడు. చెయ్యి బందు చేశాను, లాక్కున్నాడు. పక్కకు జరిగాను, వెంట వచ్చాడు. బాగా ఆడతాడని అప్పుడే తెలిసింది. రెండు నిమిషాలకు తట్టాను. లేచి, నా కాళ్ళు మొక్కబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపి, ఇంకోసారి కూర్చోమన్నాను. పన్నెండింటి దాకా అదే పని. నేను బయటపడ్డది రెండుసార్లు. ఆ రెండుసార్లూ అతను వదిలింది కాదని అతని ముఖం చూస్తే తెలిసింది.

భోజనం చేసి రెండూ ఇరవైకి ఇచ్చోడలో నిర్మల్ బస్సు ఎక్కాం. నిర్మల్‌లో అరగంట ఆగితే కరీంనగర్ బస్సు వచ్చింది. వెళ్ళాలనుకునేవాళ్ళు చలికాలంలో స్వెట్టరు, నొప్పుల మందు మరిచిపోకండి. పక్కటెముకలు ఇంకా నొస్తున్నాయి. ఇచ్చోడ నాకు కొత్త పట్లేమీ ఎక్కువ ఇవ్వలేదు. నాకు రాదు అనే సంగతి ఇచ్చింది. యాభై ఐదు కిలోల మారుతికి నేనెవరో తెలియకపోవడం వల్లే అది దొరికింది. ఇంత మంచి అవమానం కోసం ఎవరైనా రెండు వందల కిలోమీటర్లు పోవచ్చు.

మెట్‌పల్లి దగ్గర పొద్దు కుంకింది. మమత కిటికీకి ఆనుకుని నిద్రపోయింది. శ్రవణ్ నా పక్కనే ఉన్నాడు.

"శనివారం దాక ఆగొద్దు. రేపే చివరి పీరియడుకు బడికి రావాలె" అన్నాను.

"దుకాణం ఉంటది సార్."

"రెండు గంటలు అడుగు. పిల్లల ముంగట నా మీద కూసోవాలె. ఇయ్యాల కూసున్నట్టు."

కోరుట్లలో బస్సు ఆగి జనం ఎక్కారు, మళ్ళీ కదిలింది.

"పిల్లలు నవ్వుతరు సార్."

"నవ్వనీ. నవ్వినంక దిగంబర్ చెప్పింది నేర్పుదాం. ముందుగాల నేను చెప్పింది తప్పని వాళ్ళకు తెల్వాలె."

"మీరు లేవకపోతే ఎప్పుడు దిగాలె? మీరు తట్టంగనేనా?"

"తట్టంగనే దిగు. మల్ల కూసో" అన్నాను. "నలభై మంది చూసేదాక."